బడితోటలో మూడు అరల వానపాముల ఎరువు డబ్బా: ఏడాది వాడిన తర్వాత

రసాయన ఎరువుల జోలికి పోకుండా పిల్లలే పెంచుతున్న మా బడితోట కోసం మూడు అరలున్న వానపాముల ఎరువు డబ్బా కొని ఏడాదైంది. ఇది బడులకు కొనదగిన వస్తువే. అయితే తోటలో రాలే ఆకంతా దీనితోనే ఎరువైపోతుందని ఆశపడకూడదు. ఎండుటాకులకు మేము విడిగా గుంత తవ్వుకోవలసి వచ్చింది.

కింది అరలో తడిపిన కొబ్బరి పొట్టు, చింపిన కాగితాలు పరిచి వానపాములను వదలాలి. నేలను లోతుగా తొలుచుకుపోయే రకం ఇందులో నిలవదు. కుళ్లే పదార్థాన్ని పైపైనే తినే ఐసీనియా ఫెటిడా వంటి ఎర్రని రకం కావాలి. మేతగా వేసిన తొక్కలు కింద తగ్గగానే అవి అర అడుగునున్న రంధ్రాల గుండా పై అరలోకి ఎక్కిపోతాయి కనుక ఎరువును జల్లించే శ్రమ చాలావరకు తప్పుతుంది. మొదటి అర సిద్ధం కావడానికి 3 నెలలు పట్టింది.

ఆ రోజు ఒక విద్యార్థిని గుప్పెడు ఎరువును అరచేతిలో పోసుకుని వేలితో విడదీస్తుంటే, ఆవగింజ కన్నా కాస్త పెద్దవిగా, నిమ్మకాయ ఆకారంలో గుడ్ల తిత్తులు కనిపించాయి. ఒక్కో తిత్తిలోంచి రెండు మూడు పిల్లలు రావచ్చని చెప్పగానే, తరగతి అంతా చుట్టూ కూర్చుని ఒక్కొక్కటే ఏరి పై అరలో వేసింది. ఈ డబ్బా మీద నాకున్న ఇష్టమంతా అక్కడిదే.

లోపాలూ ఉన్నాయి. అరల్లోంచి కారిన నీటిని బయటికి వదిలే కుళాయిని డబ్బా అడుగుకు వేలెడు ఎత్తులో బిగించడం వల్ల కొంత నీరు ఎప్పుడూ లోపలే నిలిచి మురుగుతుంది. వెనుక ఇటుక పెట్టి డబ్బాను ముందుకు వంచాక గానీ ఆ బాధ తీరలేదు. రెండో నెలలో పిల్లలు ఉత్సాహంతో తడి తొక్కలు ఎక్కువగా వేయడంతో గాలి ఆడక దుర్వాసన వచ్చింది. కొంత తీసేసి ఎండుటాకులు కలిపాక వారంలో తగ్గింది. గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడి ఉండాలని ఇప్పుడు పిల్లలే చెబుతున్నారు. 35 డిగ్రీలు దాటిన వేడికి వానపాములు చనిపోతాయి కాబట్టి నీడ తప్పనిసరి. ఇంత ముఖ్యమైన సంగతిని సూచనల పుస్తకం చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో వేశారు. మూత మీదే ముద్రించి ఉండవలసింది.

కొనేవారు కుళాయి ఎంత ఎత్తులో ఉందో డబ్బా లోపల చేయి పెట్టి తడిమి చూసుకుని తీసుకోవాలి.