ఈ-ఇన్‌వాయిస్‌తో రెండేళ్లు దాటాక: ఆ 24 గంటల సంగతి

మిర్యాలగూడలో మాది రైస్ మిల్లు స్పేర్ పార్టుల షాపు. రబ్బరు రోలర్లు, ఎలివేటర్ బకెట్లు, బెల్టులు, జల్లెళ్లు అమ్ముతాం. ఈ-ఇన్‌వాయిస్ అంటే వ్యాపారులకు కొట్టే బిల్లును సర్కారు పోర్టల్‌లో ఎక్కించి, దానికొక నంబరు తెచ్చుకోవడం. 2023 ఆగస్టు 1న దీని టర్నోవర్ పరిమితిని 5 కోట్లకు దించినప్పుడు మేమూ ఇందులో పడ్డాం. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాదైనా టర్నోవర్ 5 కోట్లు దాటి ఉంటే చాలు. మాది ఒక్క ఏడాదే దాటింది, తర్వాత మళ్లీ తగ్గింది. అయినా బయటపడే దారి లేదు.

అంతకు చాలా ముందే, మాకు బెల్టులు పంపే కంపెనీ ఆర్డర్లు, బిల్లులు కంప్యూటర్ల మధ్యే పంపుకుందామని అడిగింది. వాళ్ల పద్ధతి ఒకటి, రోలర్ల కంపెనీ పద్ధతి ఇంకొకటి. ఎవరి కోసమని మార్చుకుంటాం? వాట్సాప్‌లో ఫోటో పెడితే పని జరిగిపోయేది. 2020 అక్టోబరులో 500 కోట్లు దాటినవాళ్లతో మొదలుపెట్టి 100, 50, 20, 10 అంటూ మెట్లు దిగుతూ వచ్చిన సర్కారు మాత్రం అందరికీ ఒకటే ఫార్మాట్ పెట్టింది. మేం మారింది జరిమానా భయంతో కాదు. ఐఆర్ఎన్, అంటే పోర్టల్ క్యూఆర్ కోడ్‌తో పాటు ఇచ్చే ఆ నంబరు, లేని బిల్లు బిల్లే కాదు. కొన్నవాళ్లకు ఇన్‌పుట్, అంటే కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకోవడం, ఇబ్బంది. "క్యూఆర్ కోడ్ లేకుంటే పైసలు ఆపుతం" అని మిల్లుల అకౌంటెంట్లు చెప్పాకే మా తమ్ముడు కూర్చుని నేర్చుకున్నాడు.

మొదట్లో భలే అనిపించింది. సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లుకు అవే వివరాలు మళ్లీ కొట్టే పని తప్పింది. అమ్మకాల లెక్క చూపే జీఎస్టీఆర్-1 రిటర్నులోకి బిల్లులు వాటంతటవే వచ్చి కూర్చుంటున్నాయి. నెలాఖరు టెన్షన్ సగం పోయింది. ఇందులో తప్పు జరిగే వీలే లేదని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

వానాకాలం వడ్లు దిగేముందు మాకు ఊపిరాడదు. మిల్లులన్నీ ఒకేసారి రోలర్లు మారుస్తాయి. అట్లాంటి ఒక శనివారం సాయంత్రం హాలియా దిక్కు ఒక మిల్లుకు 3 లక్షల చిల్లర సరుకు పంపాం. ఆ ఇంట్లో తండ్రికొక ఫర్మ్, కొడుకుకొక ఫర్మ్. ఒకే ప్రహరీలో రెండు మిల్లులు, ఒకటే పిన్‌కోడ్. రెండు జీఎస్టీ నంబర్లకూ ముందు తెలంగాణ కోడ్ 36, తర్వాత వచ్చే పాన్‌లో ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే. నేను కొడుకుకు బదులు తండ్రిని ఎంచుకున్నా. నంబరు నిజమైనదే, పిన్‌కోడ్ సరిపోయింది, పన్ను లెక్క కుదిరింది. క్షణంలో ఐఆర్ఎన్ వచ్చింది. ఫార్మాట్ చూసుకునేది ఫార్మాట్‌నే. సరుకు ఎవరిదో దానికేం తెలుసు?

సోమవారం పొద్దున ఫోన్. "ఏందన్నా, బిల్లు నాయన పేరు మీద కొట్టినవ్? పైసలు నా ఖాతాల నుంచి ఏసిన కదా."

రద్దు చేద్దామని చూస్తే 24 గంటలు ఎప్పుడో దాటిపోయాయి. మధ్యలో ఆదివారం ఉందని గడియారం ఆగదు. టైం ఉన్నా ముందు ఈ-వే బిల్లు రద్దు చేయాలి, ఆ తర్వాతే ఇది. రద్దు చేసిన బిల్లు నంబరు మళ్లీ వాడుకోలేం కూడా. మన జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపే ఆ 64 అక్షరాల ఐఆర్ఎన్ తయారవుతుంది కాబట్టి ఒక నంబరుకు ఒక్కసారే.

ఆడిటర్ చెప్పినట్టు తండ్రి ఫర్మ్‌కు క్రెడిట్ నోట్, అంటే పాత బిల్లు మొత్తాన్ని తీసేసే పత్రం, ఇచ్చాం. దానికీ ఐఆర్ఎన్ కావాలి. కొడుకు పేరున మంగళవారం తేదీతో కొత్త బిల్లు. సరుకేమో శనివారమే చేరింది! తండ్రి లెక్కలు చూసే ఆయన ఇంకొకరు. మేం వాపసు తీసుకోని సరుకుకు ఈ క్రెడిట్ నోట్ ఏమిటని ఆయన పట్టుబట్టాడు. ఉత్తరం రాసి, సంతకాలు పెట్టించి, రెండుసార్లు హాలియా పోయొచ్చాను. పెట్రోలు సరే, సీజన్‌లో రెండు పూటలు షాపు తమ్ముడి మీదే పడింది.

తప్పు నాదే, కాదనను. చేతిబిల్లుల రోజుల్లో అయితే కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కొత్తది రాసేవాళ్లం. అందులోనే దొంగ బిల్లులూ పుట్టాయని తెలుసు. కాకపోతే గడువు 48 గంటలైనా ఉంటే శని, ఆదివారాలు కలిసొచ్చేవి.

రోజుకు పది బిల్లులు కొట్టే షాపుకు, ఒక ఇంట్లో ఒకే ఫర్మ్ ఉన్న గిరాకీలకు ఈ బాధ రాకపోవచ్చు. మాకు సీజన్‌లో నలభై పడతాయి, కొట్టేది నేనూ తమ్ముడే. 10 కోట్లు దాటినవాళ్లకు 2025 ఏప్రిల్ నుంచి 30 రోజుల్లోపే బిల్లు ఎక్కించాలన్న షరతు కూడా ఉంది. ఆ సంగతి అనుభవించినవాళ్లే చెప్పాలి. పక్క షాపాయన టర్నోవర్ 4 కోట్ల 80 లక్షల దగ్గర ఉంది. 5 దాటకుండా ఎట్లా ఆపుకోవాలని నన్ను సలహా అడిగాడు. వ్యాపారం ఆపుకుంటారా అని నవ్వాను గానీ, ఆయన భయం నాకు అర్థమైంది.

ఇప్పుడైతే తండ్రీకొడుకుల ఫర్మ్‌లున్న ఇళ్ల పేర్లు గోడ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకున్నాం. పదకొండు ఇళ్లు తేలాయి. వాళ్లకు శనివారం సాయంత్రం బిల్లు కొట్టాలంటే ముందు ఫోన్ చేసి ఎవరి పేరు మీదో అడుగుతాం.