పదకొండు వేల పిస్టల్, పాలమూరులో రెండు రోజులు

మా బావమరిది పదకొండు వేలు పోసి పిస్టల్ ఒకటి కొన్నాడు. మందుగుండుతో పేలేది కాదు, గ్యాసు ఒత్తిడితో చిన్న గుళ్లు కొట్టే ఎయిర్ పిస్టల్. చూడటానికి అచ్చం ఎస్సైగారి నడుముకు వేలాడేదే. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా పైనున్న స్లైడ్ వెనక్కి కొట్టి, తర్వాతి గుండు తనంతట తానే సిద్ధమవుతుంది. నల్లగొండలో వాళ్ల డాబా మీద పాల డబ్బాలను కాలుస్తానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. "బావా, పాలమూరులో, అదే మహబూబ్‌నగర్ శివార్లలో షూటింగ్ రేంజి ఉందట, శని ఆదివారాలు పోయి వద్దాం" అన్నాడు. ఇలాంటి ఎయిర్ పిస్టల్‌కు గొట్టం రంధ్రం 0.177 అంగుళాలకు, గుండు శక్తి 20 జౌళ్లకు మించకపోతే 2016 ఆయుధ నిబంధనల కింద లైసెన్సు అక్కర్లేదు. అయినా బస్టాండులో దాన్ని బయటికి తీస్తే, ఉత్తుత్తిదని చెప్పేలోపే నలుగురు మీద పడతారు. అందుకే పెట్టెలో పెట్టి, బిల్లు జత చేసి, సంచిలో లుంగీల కింద దాచాం.

హైదరాబాద్ చుట్టు తిరగకుండా దేవరకొండలో బస్సు మారి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వెళ్లాం. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఈ దారి చెప్పను. నాకు మాత్రం దేవరకొండ కోట గుట్టలు కనిపిస్తే చాలు, సీటు సంగతి మరిచిపోతాను.

బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకే అన్నారు, ఆరున్నరకే ఆగిపోయాయి. కిటికీ బస్టాండు వైపు కాబట్టి అలారం పెట్టుకునే పని తప్పింది. మరోసారి వెళితే రెండు వందలు ఎక్కువైనా లోపలి వీధిలో చూసుకుంటాను. పక్క సందులో ఒకావిడ కళ్లముందే చేత్తో తట్టి కాల్చి ఇచ్చిన జొన్నరొట్టెలు, మటన్ కూర మాత్రం ఆ గది మీది కోపాన్ని సగం చల్లార్చాయి.

రేంజిలో కుర్రాడు పెట్టె తెరవగానే అడిగిన మొదటి మాట: "సీసం గుళ్లా, ఉక్కువా?" మావి ఉక్కువి. మొహం చిట్లించాడు. సీసం గుండు ఇనుప పలకకు తగిలి చపాతీలా అణిగిపోతుంది, ఉక్కుది ఎగిరి మన మీదికే వస్తుందట. చివరి వరుసలో రెండు పాత కంబళ్లు వేలాడదీసి, మా ఇద్దరికీ కళ్లద్దాలు పెట్టి, అప్పుడు గాని అనుమతించలేదు. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలని, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దని మూడుసార్లు చెప్పించుకున్నాం. ఇద్దరికీ కలిపి గంటకు ఆరు వందలు. ఆ శ్రద్ధకు అది ఎక్కువేమీ కాదు.

మావాడు టపటపా పదిహేను పేల్చాడు. పది మీటర్ల దూరంలో జానెడు కాగితం, తగిలినవి ఆరు. మళ్లీ నింపాడు, మళ్లీ కొట్టాడు. మూడో మ్యాగజైన్ సగంలో శబ్దం మెత్తబడింది. స్లైడ్ నిద్రమత్తులో ఉన్నట్టు సగం దాకా వెళ్లి తిరిగొచ్చింది. "పాడైందా?" అన్నాడు కంగారుగా. పిడిలోంచి తీసిన పన్నెండు గ్రాముల గ్యాస్ బుడ్డి ఐసుముక్కలా ఉంది, ఒంటి మీద సన్నగా చెమట పట్టింది. లోపలి ద్రవం ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, చల్లబడితే ఒత్తిడి పడిపోతుంది. వరసగా పేల్చే సరదా కోసం కొన్న వస్తువు, వరసగా పేలిస్తేనే నీరసించిపోతుంది!

అసలు లోపం ట్రిగ్గర్‌ది. నేను కాలుస్తుంటే అది బరువుగా, గరగరలాడుతూ కదిలేది. గుండు వెళ్లేలోపే నా మణికట్టు కిందికి వంగేది. కుర్రాడికి జాలేసిందేమో, రేంజి వాళ్ల పోటీ పిస్టల్ చేతికిచ్చాడు. దాని ఖరీదు లక్ష దాటుతుంది. దానికి ఒక్కో సీసపు గుండునూ బొటనవేలితో గొట్టంలో నొక్కి పెట్టుకోవాలి. ట్రిగ్గర్‌కు అర కిలో బరువు చాలు. అంతకు తగ్గకూడదని పోటీ నియమమే ఉంది. తలుచుకున్నానో లేదో పేలిపోయింది, నేనే ఉలిక్కిపడ్డాను. టార్గెట్ మధ్య పది మార్కుల గుండ్రం 11.5 మిల్లీమీటర్లే, చొక్కా గుండీ అంత. నాకు దక్కలేదు గాని అయిదు గుళ్లూ నల్లటి వృత్తంలోనే పడ్డాయి. మావాడు ఒక్క మాటా మాట్లాడలేదు. గోడ మీద హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఫొటో చూస్తూ నిలబడ్డాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం తెచ్చినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు.

ఆదివారం పొద్దున పిల్లలమర్రికి బయల్దేరుతుంటే "నువ్వు పోయి రా బావా, నాకు చిన్న పనుంది" అన్నాడు. ఒక్కణ్నే వెళ్లాను. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు. 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలతో మందు ఎక్కించింది ఈ చెట్టుకే. ఆ ఆవరణలో గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనలేదు. ఈ రెండు రోజుల్లో డబ్బుకు తగ్గ చోటు అంటే నా ఓటు దీనికే, తర్వాత జొన్నరొట్టెలకు.

గదికి తిరిగొచ్చేసరికి పిస్టల్ పెట్టె మంచం కిందే ఉంది, మావాడు లేడు. పదకొండు గంటలకు చేతిలో కాగితంతో వచ్చాడు. దాని మీద పది రంధ్రాలు, అన్నీ నలుపులోనే. జడ్చర్లలో బుట్టెడు సీతాఫలాలు కొన్నాం. కాయలు నలగకుండా పెట్టె తీసి సీటు కిందికి తోశాడు, కాగితాన్ని మాత్రం నల్లగొండ దాకా చేత్తోనే పట్టుకున్నాడు.