ట్రిపుల్ పేన్ కిటికీలు: చలి ఆగింది, దాంతోపాటు మా నీరెండా ఆగిపోయింది

ఈ ట్రిపుల్ పేన్, అంటే మూడు అద్దాల కిటికీల మీద నాకు కోపం ఉంది, అది కూడా ఒక్క నంబర్ మీదే. కొత్త కిటికీకి అంటించి వచ్చే స్టిక్కర్ మీద యూ ఫ్యాక్టర్ (లోపలి వేడి ఎంత బయటికి పోతుందో చెప్పేది, తక్కువైతే మంచిది) పక్కనే ఎస్‌హెచ్‌జీసీ అని ఒకటి ఉంటుంది చూడండి, సోలార్ హీట్ గెయిన్ కోఎఫిషెంట్, ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే నంబర్, అదే. అమ్మేవాళ్లు దాని ఊసే ఎత్తరు. చలి ప్రాంతాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు కిటికీలు మార్పించే ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగినా చాలని రాస్తున్నా.

మాది అమెరికాలో మినెసోటా రాష్ట్రం, మినియాపోలిస్ పక్కన సబర్బ్, 1960ల్లో కట్టిన ఇల్లు. కొన్నప్పుడు అన్నీ పాత చెక్క కిటికీలే, బయట చలికి అడ్డంగా స్టార్మ్ విండోలని అదనపు అల్యూమినియం కిటికీలు తగిలించి ఉండేవి. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, అంటే మన లెక్కలో మైనస్ 33 సెల్సియస్, ఆ రోజు మా బెడ్‌రూమ్ కిటికీకి లోపలి వైపు మంచు గడ్డకట్టింది, గోరుతో గీకితే పొడిలా రాలింది. కిటికీలు మార్చాలని అప్పుడే అనుకున్నాం కానీ డబ్బులు కూడబెట్టుకుని చేయించేసరికి 2021 చలికాలం ముందుకి వచ్చింది. మొత్తం ఇంటికి ట్రిపుల్ పేన్, అద్దాల మధ్య ఆర్గాన్ వాయువు నింపినవి, గది వేడిని వెనక్కి కొట్టే లో-ఈ పూత ఉన్నవి, ఫైబర్‌గ్లాస్ ఫ్రేములు. మిగతా స్పెసిఫికేషన్లు ఏ బ్రోషర్‌లో చూసినా ఉంటాయి.

మంచి సంగతి ముందు చెప్తా. రాత్రిపూట సుఖం మాటల్లో చెప్పలేను. పాత కిటికీలప్పుడు ఎక్కడో సందు ఉంది, గాలి దూరుతోంది అని ప్రతి నవంబర్‌లో ప్లాస్టిక్ షీట్ అంటించేవాళ్లం, హెయిర్ డ్రయర్ పెట్టి బిగించేవాళ్లం, అయినా సోఫాలో కూర్చుంటే పాదాలు చల్లబడిపోయేవి. తర్వాత తెలిసిందేంటంటే అందులో సగం బయటి గాలే కాదు, మా ఇంట్లో గాలే. చల్లటి అద్దానికి తగిలిన వెచ్చటి గాలి చల్లబడి బరువెక్కి కిందకి జారి నేల మీద పాకుతూ వస్తుంది, మనకేమో ఈదురుగాలి వచ్చినట్టు ఉంటుంది. లోపలి అద్దం వెచ్చగా ఉంటే ఆ జారుడే ఉండదు. ఇప్పుడు జనవరిలో కిటికీకి ఆనుకుని మంచం వేసుకున్నాం, దుప్పటి మొహం మీదకి లాక్కోవాల్సిన పని లేదు. పదిహేను చదరపు అడుగుల కిటికీ, బయట మైనస్ 10, లోపల 70 ఫారెన్‌హీట్ అనుకోండి, యూ ఫ్యాక్టర్ 0.5 ఉంటే గంటకి 600 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) బయటికి పోతుంది, 0.2 అయితే 240. అలాంటి కిటికీలు ఇంటినిండా ఉంటాయి కాబట్టి ఇల్లు వేడి చేసే ఫర్నేస్ ఆగి ఆగి తిరగడం మాకు చెవులకే తెలిసింది. మొదటి నెల్లో గుడిలో కనిపించిన ప్రతివాళ్లకీ ఇదే చెప్పాను, కళ్లు మూసుకుని ట్రిపుల్ పేన్ పెట్టించుకోండి అని.

తర్వాత మాకు రెండో కాన్పులో పాప పుట్టింది. అమ్మ డెలివరీకి తెనాలి నుంచి వచ్చి ఆ చలికాలమంతా మా దగ్గరే ఉంది. మా లివింగ్ రూమ్‌కి దక్షిణం వైపు పెద్ద పిక్చర్ విండో (తెరవడానికి లేని ఒకే పెద్ద కిటికీ) ఉంది, సుమారు నలభై చదరపు అడుగులు. ఇల్లు కొన్నదే దాని కోసం అనొచ్చు. డిసెంబర్ చివర్లో ఇక్కడ మధ్యాహ్నం పన్నెండుకి కూడా సూర్యుడు ఇరవై రెండు డిగ్రీల ఎత్తు దాటడు, అందుకని ఎండ ఏటవాలుగా వచ్చి గది లోపలి గోడ దాకా పడుతుంది. మా పెద్దవాడు పుట్టినప్పుడూ అమ్మే వచ్చింది, పాత కిటికీలప్పుడు, అప్పుడు బయట మైనస్‌లో ఉన్నా పది నుంచి రెండింటి దాకా ఆ కిటికీ ముందు చాప వేసుకుని పిల్లాడికి ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించి నీరెండలో పడుకోబెట్టేది. గాజులోంచి వచ్చే ఎండతో విటమిన్ డి రాదని పిల్లల డాక్టర్ చెప్పింది, చుక్కలు విడిగా వేసేవాళ్లం, అది వేరే సంగతి. కానీ ఆ వెచ్చదనానికి వాడు హాయిగా నిద్రపోయేవాడు, ఎండ ఉన్న రోజుల్లో ఆ గదిలో ఫర్నేస్ అవసరమే పడేది కాదు.

ఈసారి కూడా అలాగే చాప వేసింది. కాసేపు కూర్చుని పాప వీపు మీద చెయ్యి పెట్టి చూసి, తన చెయ్యి ఎండలో పెట్టి చూసుకుని "ఏమేవ్, ఇదేం ఎండే, వెలుగుంది గానీ వేడి లేదు, వెన్నెల్లా ఉంది" అంది. నేను పట్టించుకోలేదు, చలి ఎక్కువుందేమోలే అన్నాను. రోజూ అదే మాట. నాలుగు రోజులు వరసగా మబ్బు లేకుండా కాసినా ఆ గది మధ్యాహ్నం కూడా థర్మోస్టాట్ పెట్టిన 68 దగ్గరే నిలబడిపోయింది, ఇదివరకు 74, 75 దాకా దానంతటదే ఎక్కేది. అమ్మ చివరికి పాపని తీసుకుని హీటర్ గాలి వచ్చే రంధ్రం పక్కకి మారిపోయింది. నాకు బాధనిపించింది, ఆవిడ అంత దూరం నుంచి వచ్చి ఈ దేశంలో ఇష్టపడ్డది ఆ ఒక్క మూలనే.

ఇంకోటి కరివేపాకు చెట్టు. ఎండాకాలం డెక్ మీద పెట్టి సెప్టెంబర్ చివర్లో లోపలికి తెచ్చి ఆ కిటికీ దగ్గరే పెడతాం, ఇక్కడ తెలుగువాళ్ల ఇళ్లన్నిట్లో ఇదే తంతు. ప్రతి ఏడూ కొంచెం ఆకు రాల్చేది, ఈసారి సంక్రాంతికల్లా పుల్లలు మిగిలాయి.

అప్పుడు ఫైల్‌లో దాచిన స్టిక్కర్ తీసి చూశా. యూ ఫ్యాక్టర్ 0.19, ఎస్‌హెచ్‌జీసీ 0.22, విజిబుల్ ట్రాన్స్‌మిటెన్స్ 0.40. అంటే కిటికీ మీద పడ్డ ఎండ వేడిలో 22 శాతమే లోపలికి వస్తోంది, వెలుగులో 40 శాతం. పాత మామూలు గాజు కిటికీలోంచి ఆ వేడి 60 శాతం పైన వచ్చేది. ఇలాంటి లో-ఈ పూత అంటే కంటికి కనపడనంత పల్చటి వెండి పొర, అది గదిలో వేడిని బయటికి పోనివ్వకుండా వెనక్కి కొడుతుంది, అందుకేగా కొన్నాం. కానీ ఆ వెండి పొరలు రెండు మూడు వేసినకొద్దీ బయటి నుంచి వచ్చే ఎండ వేడిని కూడా అంతే గట్టిగా వెనక్కి కొడుతుంది. టెక్సస్‌లో, అరిజోనాలో అది వరం. ఇక్కడ దక్షిణం గోడకి అది నష్టం, ఎందుకంటే ఎండని లోపలికి రానిచ్చి గది వేడిని మాత్రం పట్టి ఉంచే లో-ఈ పూత కూడా దొరుకుతుంది, అదేదో కొత్తగా కనిపెట్టాల్సింది కాదు.

లెక్క వేస్తే ఇంకా మండింది. శీతాకాలం మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం దక్షిణం గోడ మీద చదరపు అడుగుకి గంటకి 200 బీటీయూ పైనే పడుతుంది. నలభై చదరపు అడుగులకి 8000. అందులో మా గ్లాస్ ఎస్‌హెచ్‌జీసీ 0.22 అంటే 1760 లోపలికొస్తుంది, ఎండని రానిచ్చే పూత ఉన్న 0.42 గ్లాస్ అయితే 3360. పదహారు వందల బీటీయూ తేడా, ఊరికే వచ్చేది. దానికి బదులు ఆ 0.42 గ్లాస్ యూ ఫ్యాక్టర్ మా 0.19 కంటే కాస్త ఎక్కువ, 0.22, బయట మైనస్ 10 ఉన్నప్పుడు దానివల్ల ఎక్కువ పోయేది గంటకి వంద లోపు. రాత్రంతా కలిపినా పగటి ఎండ ముందు అది నిలవదు, ఎండ కాస్తేనే అనుకోండి, మబ్బు పట్టిన వారాలు ఇక్కడా తక్కువేం కాదు. ఇంధనం ఆదా చేసే వస్తువులకి ముద్ర వేసే అమెరికా ప్రభుత్వ పథకం ఎనర్జీ స్టార్ వాళ్లే ఉత్తరపు జోన్‌కి 2023 అక్టోబర్ నుంచి 0.22 మించని యూ ఫ్యాక్టర్ అడుగుతూ, ఎస్‌హెచ్‌జీసీ బాగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ యూ ఉన్నా ఒప్పుకుంటున్నారు. అంటే వాళ్లకీ తెలుసు ఎండకి విలువుందని.

డీలర్‌కి ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే మాట్లాడాడు గానీ మాట మాత్రం ఒకటే, మేము ఇంటి మొత్తానికి ఒకే గ్లాస్ ప్యాకేజ్ ఇస్తాం, ఇది మా దగ్గర అన్నిటికంటే మంచిది అని. దేనికి మంచిది అంటే యూ ఫ్యాక్టర్ నంబర్ చదువుతాడు. ఏ గది ఏ దిక్కుకుందో వచ్చి కొలతలు తీసుకున్న మనిషి ఒక్కసారి అడగలేదు. మన ఊళ్లో మేస్త్రి అయినా తూర్పెటు అని అడక్కుండా కిటికీ పెట్టడు, ఇంత డబ్బు తీసుకుని కంప్యూటర్‌లో బొమ్మలు చూపించినవాళ్లు దిక్కు చూడకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వారంటీలో మార్చరు, అద్దాల మధ్య ఆవిరి పడితేనో పగుళ్లొస్తేనో తప్ప.

ఇక్కడ ఒక మంచి విషయం తెలిసింది, చాలామందికి తెలీదు. కిటికీ మొత్తం పీకక్కర్లేదు. ఫ్రేమ్ అలాగే ఉంచి లోపలి బీడింగ్ పట్టీలు తీసి మూడు అద్దాల సీల్డ్ యూనిట్ ఒక్కటే మార్చొచ్చు. వేరే గ్లాస్ షాప్‌లో అదే మందం, అదే కొలత, ఆర్గాన్‌తో, ఎండని రానిచ్చే పూతతో ఆర్డర్ ఇచ్చాం. అది తయారై రావడానికి రెండు నెలల పైన పట్టింది, వచ్చాక ఆ సైజ్ యూనిట్ రెండొందల పౌండ్ల బరువు, నలుగురు మనుషులు సక్షన్ కప్పులు పట్టుకుని ఎత్తి పెట్టారు. పదిహేను వందల డాలర్లు అయ్యింది. మొదటే అడిగి తీసుకుని ఉంటే దాదాపు అదనపు ఖర్చే లేని పని అది.

ఫలితం? ఎండ ఉన్న రోజు మళ్లీ 72, 73 దాకా వస్తోంది. పాత రోజుల 75 రాదు, మూడు అద్దాలు కదా, అంత వెలుగూ రాదు. కానీ రాత్రికి పాత రోజుల్లా చల్లబడిపోదు, సాయంత్రం ఆరు దాకా ఆ వెచ్చదనం ఉంటుంది, అది ఇదివరకు లేదు. కరివేపాకు తేరుకుంది, పక్కన ఎల్ఈడీ లైట్ కూడా పెట్టాం కాబట్టి పేరంతా గ్లాస్‌కి ఇవ్వలేను. ఎండాకాలం భయపడ్డాం గానీ మాకు దక్షిణం వైపు చూరు బయటికి ఉంది, జూన్‌లో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి ఎండ చూరు మీదే ఆగిపోతుంది. సెప్టెంబర్‌లో మాత్రం కొన్ని రోజులు గది వేడెక్కుతుంది, బ్లైండ్ దించాల్సిందే. పడమటి బెడ్‌రూమ్‌లో ఎస్‌హెచ్‌జీసీ 0.22 ఉన్న ఆ మొదటి గ్లాస్‌నే ఉంచాం, జూలై సాయంత్రాలు అది లేకపోతే అక్కడ పడుకోలేం.

రాత్రి చలి గురించి పైన అన్నదానికి కొంచెం సవరణ కూడా చెప్పాలి. మైనస్ 15 దాటాక కిటికీల అడుగు అంచుల్లో ఇప్పటికీ చెమ్మ పడుతుంది, ముఖ్యంగా వంటింట్లో. ఇంటి సందులన్నీ మూసుకుపోయాక ఇడ్లీ ఆవిరి, కుక్కర్ ఆవిరి, పప్పు పులుసు మరిగే ఆవిరి బయటికి పోయే దారి లేదు. పాత రోజుల్లో ఆ సందుల్లోంచే పోయేది. చిమ్నీ ఫ్యాన్ బయటికి వదిలేది అయితేనే పని చేస్తుంది, గాలి తిప్పి మళ్లీ గదిలోకే కొట్టేది పనికిరాదు, మేము అది మార్పించాం. రాత్రి మందపాటి కర్టెన్లు పూర్తిగా మూసేసినా చెమ్మ పెరుగుతుంది, గది వేడి అద్దానికి తగలదు కాబట్టి, అందుకని కింద నాలుగు వేళ్ల సందు వదుల్తాం. అక్టోబర్‌లో పొద్దున్నే బయటి వైపు మంచు బిందువులు కనపడితే కంగారు పడొద్దు, లోపలి వేడి బయటి అద్దం దాకా రావట్లేదని దాని అర్థం.

ఇంకా పిల్లల గదిలో ఒక కిటికీ చుట్టూ చెక్క పట్టీ వెనక నుంచి చల్లగాలి వచ్చేది. ఇంట్లో వేడి ఎక్కడ పోతోందో చూసే ఎనర్జీ ఆడిట్‌కి వచ్చినాయన బ్లోయర్ డోర్ (సందులు బయటపెట్టడానికి గుమ్మానికి బిగించే పెద్ద ఫ్యాన్) పెట్టి థర్మల్ కెమెరాలో చూపించాడు, గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య ఫోమ్ ఒక వైపు అసలు కొట్టలేదు. బిగించినవాళ్లు వచ్చి మారు మాట్లాడకుండా సరిచేసి వెళ్లారు.

డబ్బు సంగతి. గ్యాస్ బిల్లు తగ్గింది, కానీ మినెసోటాలో గ్యాస్ చవక, బిల్లు మీద మిగిలే దాంతో ఈ ఖర్చు రావాలంటే మా పిల్లలు కాలేజీకి వెళ్లిపోతారు. పైగా 2023 నుంచి ఉన్న ఫెడరల్ టాక్స్ క్రెడిట్, కిటికీలకి 30 శాతం, ఏడాదికి 600 డాలర్ల దాకా ఇచ్చేది, 2025 చివరితో అయిపోయింది. మీ అటక మీద ఇన్సులేషన్ పల్చగా ఉంటే ముందు అది చేయించండి, దాని ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మాకు అటక పని అప్పటికే అయిపోయింది, కిటికీలు నిజంగా కుళ్లిపోయాయి, ఇంట్లోకి చంటిపిల్ల రాబోతోంది, ఈ ఇంట్లో ఇంకో ఇరవై ఏళ్లు ఉండాలని మా ఉద్దేశం, అందుకని మాకు సబబే. మూడేళ్లలో ఉద్యోగం మారి వెళ్లిపోయేవాళ్లయితే, డబుల్ పేన్ బాగానే ఉన్నవాళ్లయితే నేను పెట్టించుకోమని చెప్పను. దక్షిణం వైపు ఎదురుగా పెద్ద చెట్లో పక్కింటి గోడో అడ్డం ఉంటే కూడా నేను చెప్పిన గ్లాస్ గొడవ మీకు అక్కర్లేదు, డీలర్ ఇచ్చిందే వేయించుకోండి.

కొటేషన్ తీసుకునేటప్పుడు మాత్రం ఏ గోడకి ఏ ఎస్‌హెచ్‌జీసీ అనేది విడివిడిగా కాగితం మీద రాయించుకోండి, సంతకం దాని కిందే పెట్టండి. మా వంటింటి తూర్పు కిటికీకి కూడా 0.42 గ్లాస్ వేయిద్దామని ధర అడిగాను, పొద్దున టిఫిన్ల టైమ్‌లో అక్కడ ఎండ పడుతుంది, ఇంకా జవాబు రాలేదు.