గ్రాడ్ ప్లస్ మళ్ళీ రావాలా, కొత్త పరిమితులతో సర్దుకోవాలా: ఏది మేలు?

అమెరికాలో పీజీకి, మెడిసిన్‌కి, లా కి వెళ్ళేవారికి 2006 నుంచి ప్రభుత్వమే గ్రాడ్ ప్లస్ అనే లోన్ ఇచ్చేది. ఫీజు, అద్దె, తిండి ఖర్చు కలిపి కాలేజీ వేసిన లెక్కలో వేరే సాయం పోను ఎంత మిగిలితే అంతా ఇచ్చేది. 2025 జులై 4న సంతకమైన చట్టం దాన్ని తీసేసింది. 2026 జులై 1 నుంచి కొత్తవారికి ఆ లోన్ లేదు. మళ్ళీ తేవాలని అడుగుతున్నవాళ్ళలో నేనూ ఉన్నాను, అయితే పాత రూపంలోనే తేవాలని మాత్రం అనను.

దాని బదులు ఇప్పుడున్నవి మిగిలిన ప్రభుత్వ లోన్ మీద పరిమితులు. మామూలు పీజీకి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం 1 లక్ష. మెడిసిన్, లా లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. ప్రైవేటు మెడికల్ స్కూళ్ళలో నాలుగేళ్ళ ఖర్చు చాలాచోట్ల 3 లక్షలు దాటుతుంది. తక్కువపడ్డ సొమ్ముకు బ్యాంకు గుమ్మం ఎక్కాల్సిందే. ఇక నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటివి విద్యాశాఖ ప్రతిపాదించిన ప్రొఫెషనల్ జాబితాలోనే లేవు. నర్స్ ప్రాక్టిషనర్ (పీజీ చదివి, రోగుల్ని చూసి మందులు రాసే నర్సు) కావాలనుకునే అమ్మాయికి ఆ 20,500తోనే సరి.

వడ్డీ ఒక్కటే చూస్తే గ్రాడ్ ప్లస్ గొప్పదేం కాదు. 2025-26లో 8.94 శాతం, పైగా చేతికి వచ్చేముందే 4 శాతానికి పైగా రుసుము కోత. మంచి క్రెడిట్, మంచి జీతం ఉన్న తల్లిదండ్రులు సంతకం పెడితే ప్రైవేటు లోన్ అంతకంటే చవకగా దొరకొచ్చు.

చిక్కంతా ఆ సంతకం దగ్గరే. సంపాదన లేని విద్యార్థికి బ్యాంకు కో-సైనర్‌ని, అంటే అప్పుకు తనూ పూచీ పడి సంతకం పెట్టే మనిషిని అడుగుతుంది. ఆ కో-సైనర్ సిటిజన్‌గానో, గ్రీన్ కార్డుతోనో ఉండాలని చాలా బ్యాంకుల షరతు. మన తెలుగు కుటుంబాల్లో ఎందరో హెచ్-1బి మీద ఏళ్ళ తరబడి పన్నులు కడుతూ గ్రీన్ కార్డు వరసలోనే ఉన్నారు. అక్కడే పుట్టిన బిడ్డ సిటిజన్, తల్లిదండ్రులు కారు. గ్రాడ్ ప్లస్‌కి ఆ బిడ్డ సంతకం ఒక్కటే సరిపోయేది. పాత బకాయిల మచ్చ లేకపోతే చాలు, ఆదాయం అడిగేవారు కాదు. ఇప్పుడు నాన్న జీతం ఎంతున్నా ఆ సంతకం చెల్లకపోవచ్చు. సీటు తెచ్చుకున్న పిల్లను పెద్దల వీసా ఆపేయడం నాకు ఏమాత్రం న్యాయంగా తోచదు. (ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఇండియా నుంచి వెళ్ళేవారికి ప్రభుత్వ లోన్లు ఎప్పుడూ లేవు, వారి లెక్క వేరు.)

తీర్చేటప్పుడూ తేడా పెద్దదే. ప్రభుత్వ అప్పుకు ఆదాయాన్నిబట్టి కట్టే పద్ధతి ఉంది. లాభాపేక్షలేని ఆసుపత్రిలోనో, ప్రభుత్వ కొలువులోనో ఉంటూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగతాది మాఫీ. అలాంటి ఆసుపత్రిలో రెసిడెన్సీ (మెడిసిన్ చదువు తర్వాత జీతంతో చేసే శిక్షణ) చేసిన ఏళ్ళూ అందులోకి వస్తాయి. ప్రైవేటు అప్పుకు ఈ మాఫీ వర్తించదు.

అవతలివారి వాదనలోనూ పస ఉంది. టెక్సస్ రికార్డులతో 2023లో ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనలో, గ్రాడ్ ప్లస్ వచ్చాక ఫీజులు పెరిగాయనీ, వెనకబడ్డ వర్గాల చేరికలు పెరగలేదనీ తేలింది. ఎంతడిగితే అంతిచ్చే లోన్ కాలేజీలకే లాభమైందన్నమాట.

అందుకే లోన్ రావాలి, పరిమితీ ఉండాలి. ఆ పరిమితి మాత్రం కోర్సు అసలు ఖర్చుకు దగ్గరగా ఉండాలి. దాంతోపాటు 2012లో పీజీవారికి తీసేసిన వడ్డీ రాయితీ కూడా తిరిగి ఇవ్వాలి. అప్పట్లో ఏడాదికి 8,500 డాలర్ల దాకా చదివినంతకాలం వడ్డీ ప్రభుత్వమే భరించేది. ఇవేవీ కుదరక, పాత గ్రాడ్ ప్లస్, ఇప్పటి పరిమితులు ఈ రెంటిలోనే ఎంచుకోమంటే పాతదే నయమంటాను.

ఈలోగా చేరేవారు ముందు ప్రభుత్వ లోన్ పూర్తిగా వాడుకుని, ఆ తర్వాతే బ్యాంకు వైపు చూడాలి. సొంత రాష్ట్రపు పబ్లిక్ యూనివర్సిటీలో సీటొస్తే పేరున్న ప్రైవేటు స్కూలు కోసం దాన్ని వదులుకోవద్దు. సిటిజన్లయిన పిల్లలు నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ స్కాలర్‌షిప్‌కీ దరఖాస్తు పెట్టుకోవాలి. వైద్యులు కరువైన ప్రాంతంలో కనీసం రెండేళ్ళు పనిచేస్తామని ఒప్పుకుంటే ఫీజు వాళ్ళే కట్టి, నెలనెలా ఖర్చులకూ ఇస్తారు.