డిస్నీ క్రూజ్‌కి పాయింట్లా, డబ్బా?

అమెరికాలో డిస్నీ వెకేషన్ క్లబ్ (డిస్నీ టైమ్‌షేర్, అంటే రిసార్ట్ బసలకు ఏటా పాయింట్లు ఇచ్చే సభ్యత్వం) సభ్యులు క్రూజ్‌కి డబ్బు బదులు ఆ పాయింట్లు కట్టొచ్చు. ముందు ఒక భాగహారం చేయండి. ఉదాహరణకు, 5,400 డాలర్ల క్యాబిన్‌కి 600 పాయింట్లు అడిగితే, పాయింటుకు దక్కేది 9 డాలర్లే. పాయింట్ల మీద ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? అవే పాయింట్లు పాయింటుకు 15 డాలర్ల చొప్పున వేరేవాళ్లకు అద్దెకు పోతే 9,000 వస్తాయి. టికెట్ డబ్బుతో కొన్నా 3,600 మిగులు, అద్దె మీద ఆదాయపు పన్ను లెక్క వేరే. డబ్బుతో కొంటే కొందరు ట్రావెల్ ఏజెంట్లు ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చు పెట్టుకునే మొత్తం) కూడా ఇస్తారు.

పాయింట్ల దారిలో మార్పిడి రుసుము అదనం. ఓడలో టిప్పులు ఎలాగూ జేబులోంచే. 2011 మార్చి 21 నుంచి రీసేల్‌లో, అంటే డిస్నీ దగ్గర కాకుండా పాత సభ్యుల దగ్గర కొన్న పాయింట్లు క్రూజ్‌కి అసలు పనికిరావు.

బ్యాంకింగ్‌కి, అంటే పాయింట్లను వచ్చే ఏడాదికి దాచుకోడానికి, మీ పాయింట్ల ఏడాదిలో ఇచ్చే మొదటి 8 నెలలూ దాటిపోయి, అద్దెకు తీసుకునేవాళ్లూ దొరక్కపోతే మాత్రం పాయింట్లే వాడేయండి. కాకపోతే మీ ప్రయాణ తేదీకి అవి చెల్లుతాయో లేదో ముందే అడగండి.