చిల్లి కాణీ నుంచి పులి రూపాయి దాకా: నెల్లూరు చిన్నబజారులో ఒక పాత నాణేల కొట్టు

రెండో ప్రపంచ యుద్ధకాలం నాణేలు కావాలంటే నెల్లూరు వాళ్లు చెన్నై దాకా పోనక్కర్లేదు. చిన్నబజారు సందులోని ఈ చిన్న కొట్టులో 1939 నుంచి 1947 దాకా వచ్చిన నాణేలన్నీ ఒకే ఆల్బమ్‌లో దొరుకుతాయి. వేరే చోట్ల అన్నిటినీ, రాజు జార్జి బొమ్మ ఉంటుందని, ‘జార్జి బిళ్లలు’ అని ఒకే డబ్బాలో పోసి పెడతారు. ఇక్కడ ఏడాది, లోహం చూసి సర్దారు. పేజీలు తిప్పుతూ పోతే యుద్ధం ఏ ఏడు ఏ లోహాన్ని లాక్కుపోయిందో తెలిసిపోతుంది. ఈ సర్దుడు ఒక్కదానికే కొట్టుకి మంచి మార్కులు వేయాలి.

సరుకు మాత్రం చూసుకుని కొనాలి. ముందు రూపాయి సంగతి.

1939 దాకా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 వంతులు, అంటే 10.69 గ్రాములు. యుద్ధం మొదలవగానే జనం వెండి రూపాయలు దాచేయడంతో బజారులో చిల్లర మాయమైంది. 1940లో ప్రభుత్వం రూపాయి నోటు తెచ్చింది, రూపాయి బిళ్లలో వెండిని సగానికి దించింది. వెండి 50, రాగి 40, నికెల్ 5, జింక్ 5 వంతులు. బరువు అంతే ఉంచారు కాబట్టి చేతికి తేడా తెలియదు. 1945 దాకా ఇదే నడిచింది. ఇందులో ఉన్న వెండి 5.83 గ్రాములే. కొట్టులో ఈ రూపాయికి, విక్టోరియా రూపాయికి కలిపి ‘వెండి రూపాయి’ అని ఒకే చీటీ, దాదాపు ఒకే ధర పెట్టారు. అది ఒప్పుకోవద్దు. ఆ రోజు గ్రాము వెండి ధరను 5.83తో గుణించి, దాని మీద నాణెం స్థితిని బట్టి ఎంత ఇవ్వొచ్చో మాట్లాడండి.

అసలుదో కాదో తేల్చడానికి అంచు చూడాలి. 1940–45 రూపాయల అంచు మీద నిలువు గీతల నడుమ చుట్టూ ఒక గాడి, ఆ గాడిలో సన్నటి నగిషీ ఉంటాయి. దొంగ నాణేలు పోసేవాళ్లను అడ్డుకోవడానికే ఈ అంచు పెట్టారు. అచ్చులో పోసిన దానికి గాడి మొద్దుబారి, ఎక్కడో ఒక చోట అతుకు గీత కనబడుతుంది. పదింతలు చూపించే భూతద్దం చాలు. 1939 రూపాయి చాలా అరుదు, కాబట్టి అంకె దిద్దిన నకిలీలు ఎక్కువ. 1939 అని రాసి ఉండి అంచులో ఆ గాడి కనిపిస్తే బేరమాడకుండా వెనక్కి ఇచ్చేయండి. 1947 పులి బొమ్మ రూపాయిలో వెండి బొత్తిగా లేదు, మొత్తం నికెలే. అమెరికా నుంచి లెండ్-లీజ్ (యుద్ధకాలపు అరువు ఒప్పందం) కింద తెచ్చుకున్న వెండిని యుద్ధం అయ్యాక వెండిగానే తిరిగి ఇవ్వాల్సి రావడంతో వెండి బిళ్లలు వెనక్కి తీసుకోక తప్పలేదు. పులి రూపాయి అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. అంటుకోకపోతే అది నకిలీ.

ఆల్బమ్‌లో బాగా ఆగి చూడాల్సింది మాత్రం 1942–45 పసుపుపచ్చ చిల్లర. అంతకు ముందు అణా (రూపాయిలో పదహారో వంతు), బేడ (రెండణాలు) రాగి-నికెల్‌తో తెల్లగా ఉండేవి. నికెల్ ఆయుధాలకు కావాల్సి వచ్చి వాటిని నికెల్-ఇత్తడితో కొట్టారు. (మన గూడూరు, సైదాపురం గనుల అభ్రకం వైర్‌లెస్ సెట్లకు పోయిన రోజులు కూడా అవే.) అర్ధణా, బేడ నలుచదరం, అణాకి అలల అంచు. అణాని వెలుతురుకి వాల్చి పట్టుకోండి. పెద్ద అంకె చుట్టూ నాలుగు లిపుల్లో విలువ ఉంటుంది, అందులో ఒకటి మన తెలుగు. ఆ అక్షరాల ఒంపులు వెంట్రుకంత సన్నం. అవి పదునుగా ఉంటే నాణెం పెద్దగా చేతులు మారలేదని అర్థం.

ఈ కొట్టు చేసే పెద్ద తప్పు ఆ అక్షరాల దగ్గరే బయటపడుతుంది. మెరవాలని నాణేలన్నిటినీ చింతపండుతో తోముతున్నారు. పులుపు తగిలితే నికెల్-ఇత్తడిలోంచి జింక్ పోయి ఎర్రటి రాగి మచ్చలు తేలతాయి. సగం వెండి రూపాయిని తోమితే పైపొరలో రాగి కరిగి, మంచి వెండిలా తెల్లగా కనబడి మోసం చేస్తుంది. తోమిన నాణేనికి సేకరించేవాళ్లు సగం ధర కూడా ఇవ్వరు. ‘తోమనివి చూపించండి’ అని అడిగితే లోపలి డబ్బా తీస్తారు, అందులోంచే ఏరుకోండి.

1943–47 చిల్లి కాణీలు (నడుమ చిల్లున్న పావు అణా బిళ్లలు) ఆ డబ్బాలోనే బాగుంటాయి. పాత కాణీ 4.86 గ్రాములుంటే ఇది సుమారు 2 గ్రాములు. నడుమ చిల్లు పెట్టింది రాగి మిగల్చడానికే. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దీనికి లేత ఆకుపచ్చ పొడి పడుతుంది. గట్టిగా అంటుకున్న ముదురు పచ్చదనంతో భయం లేదు. గోటికి రాలే పొడి మాత్రం నాణేన్ని తినేస్తుంది. అలాంటి దాన్ని వేరుగా పెట్టి, రోజూ మారుస్తూ డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని వారాలు నానబెట్టి, బాగా ఆరనివ్వాలి. కొట్టు వాళ్లిచ్చే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు ఇంటికి రాగానే తీసేయండి. వాటిలోంచి కారే జిగురు కూడా పచ్చగా పడుతుంది, అది పోవాలంటే అసిటోన్ అనే ద్రావకం కావాలి.

రంగం (రంగూన్) నోట్ల కట్ట కూడా ఒకటుంది, యుద్ధకాలంలో జపాన్ వాళ్లు బర్మాలో చెలామణికి అచ్చేసినవి. సీరియల్ నంబరు ఉండదు, బి అక్షరంతో మొదలయ్యే గుర్తు మాత్రమే ఉంటుంది. నంబరు లేదని దొంగవి అనుకోవద్దు. 1945లో ఇంగ్లిషు వాళ్లు తిరిగి రాగానే చిత్తు కాగితాలయ్యాయి, ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి. అరుదైనవంటే నమ్మొద్దు.

పతకాల విషయంలో ఒక విన్నపం. మొదటి యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ ఎక్కువగా వెండిది, దాని అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. ఇంట్లో అలాంటిది ఉంటే వెండి తూకానికి అమ్మకండి, కరిగిస్తే ఆ పేరు పోతుంది. కొనేవాళ్లు అంచు ఆకురాయితో గీకారేమో చూడాలి. రెండో యుద్ధపు బర్మా స్టార్ లాంటివి ఇక్కడ ఉన్నాయి గానీ రిబ్బన్లు కొన్ని కొత్తవి. యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే కొత్త నైలాన్ నీలంగా వెలుగుతుంది.

బిల్లు అడిగితేనే ఇస్తారు, తప్పకుండా అడిగి తీసుకోండి. నాణెం సంవత్సరం, లోహం అందులో రాయించండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే 1940ల నాణేలే కొనండి. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించకూడదు. అదే ఆల్బమ్ చివర్లో ఉన్న 1919 రాగి-నికెల్ ఎనిమిదణాల బిళ్లకు ఇది వర్తిస్తుంది. ఆ మాట కొట్టులో ఎవరూ చెప్పరు.