లాగిన్ తనిఖీ: ఫిల్టర్‌లోనా, ఇంటర్‌సెప్టర్‌లోనా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు చూపే స్ప్రింగ్ బూట్ (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్ రాస్తున్నారనుకోండి. ధరల పేజీ అందరిదీ, అడ్తిదారు ఖాతా మాత్రం లాగిన్ అయినవాళ్లకే.

రిక్వెస్టులను కంట్రోలర్లకు (జవాబిచ్చే కోడ్‌కు) పంచేది డిస్పాచర్ సర్వ్‌లెట్. ఫిల్టర్ దానికంటే ముందే నడుస్తుంది. అన్ని దారులకూ తగిలిస్తే ఏ రిక్వెస్టూ తప్పించుకోదు. కానీ ఆ రిక్వెస్ట్ ఏ కంట్రోలర్‌కు పోతుందో ఫిల్టర్‌కు తెలియదు, ఫిల్టర్‌లో వచ్చిన ఎక్సెప్షన్‌ను కంట్రోలర్ అడ్వైస్ (ఎర్రర్లను ఒకేచోట చూసుకునే క్లాస్) పట్టుకోదు.

ఇంటర్‌సెప్టర్ డిస్పాచర్ సర్వ్‌లెట్ లోపల, కంట్రోలర్‌కు ముందు నడుస్తుంది. దానికి హ్యాండ్లర్ మెథడే, అంటే జవాబిచ్చే కంట్రోలర్ మెథడే, చేతికొస్తుంది. ఆ మెథడ్ మీది యానొటేషన్ (@తో రాసే గుర్తు) చదివి, ఈ పేజీ అడ్తిదారుకా, అందరికీనా అని అక్కడే తేల్చొచ్చు. కంట్రోలర్‌కు ముందు నడిచే ఇంటర్‌సెప్టర్ మెథడ్ ప్రీహ్యాండిల్‌లో, సెషన్ తెచ్చే గెట్‌సెషన్‌ను ఫాల్స్ ఇచ్చి పిలవండి. లేదంటే లాగిన్ కానివాళ్లకు కూడా ఖాళీ సెషన్లు పుడతాయి. యూజర్ లేకపోతే రీడైరెక్ట్ పంపి, ఆ తర్వాత ఫాల్స్ తిరిగివ్వాలి. ఉత్త ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటే 200 కోడ్‌తో ఖాళీ పేజీ వస్తుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది మినహాయింపుల దగ్గరే. లాగిన్ దారిని వదిలేయడం మరిస్తే 302 (రీడైరెక్ట్ కోడ్) మీద 302 తిరిగి బ్రౌజర్ చేతులెత్తేస్తుంది. సీఎస్‌ఎస్, ఎర్రర్ దారులనూ మినహాయించండి. జావాస్క్రిప్ట్ ఫెచ్‌తో వచ్చే రిక్వెస్టులకు రీడైరెక్ట్ వద్దు, లాగిన్ కాలేదని చెప్పే 401 కోడ్ ఇవ్వండి. లేకపోతే జేసన్ కోసం చూసే కోడ్‌కు లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్ అందుతుంది.

చిన్న ఆఫీసు అవసరాలకు ఇంటర్‌సెప్టర్ నడుస్తుంది. డబ్బు లెక్కలుంటే మాత్రం నా ఓటు ఫిల్టర్ల మీద నడిచే స్ప్రింగ్ సెక్యూరిటీకే. కంట్రోలర్ దారిని పోల్చే తీరు, ఇంటర్‌సెప్టర్ పోల్చే తీరు వేరైతే రిక్వెస్ట్ తనిఖీ లేకుండానే లోపలికి పోతుంది. అందుకే ఇంటర్‌సెప్టర్లు భద్రతకు అంతగా సరిపోవని స్ప్రింగ్ డాక్యుమెంటేషనే చెబుతుంది.